చిట్టాకెక్కని జమ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, రజతోత్సవమునాడు ఏదైన ఒక ప్రబంధమును గూర్చి మాటలాడుమనిరి. నేను బడిలో చదివిన చదువు స్వల్పము. పగలు సహకార పరపతి సంఘమున లెక్కలు వ్రాయుచు, రాత్రిపూట నిఘంటువు ప్రక్కన పెట్టుకొని పెద్దల గ్రంథములను కూడబలుకుకొన్నవాడను. ఇట్టివాడు ప్రబంధములపై ఉపన్యసించుటకంటె తనకు చేతనైన లెక్కలను గూర్చి చెప్పుట క్షేమమని తలచి, మన యిండ్లలో ప్రతిదినము జరుగుచుండియు ఏ లెక్కలోను చేరని ఒక పనిని గూర్చి చెప్పుటకు అనుమతి కోరితిని. అది లేసు అల్లిక. ఈ మాట విని ఆ వైపున చాపలమీద ఆసీనులైన సోదరీమణులలో కొందరు నవ్వుకొందురని నాకు తెలియును. నవ్వవచ్చును. సూది పట్టుట రానివాడు సూదిపనిని గూర్చి మాటలాడుట నవ్వదగినదే.

మన నరసాపురపు ప్రాంతమునకు నూలు క్రొత్తది కాదు. పట్టణమునకు చేరువనున్న మాధవాయపాలెమున 17వ శతాబ్దమునందే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారికి వర్తకశాల యుండెను. అటనుండి ఓడలకెక్కిన నూలుగుడ్డకు సీమలో మన యూరిపేరే నిలిచి 'మాడపోలము' అయినది. ఆ మాట నేటికిని ఆంగ్ల నిఘంటువులలో కలదు. గుడ్డను నేసినవారి పేర్లు మాత్రము ఎందును లేవు. లేసు దాని తరువాత వచ్చినది. 1844 ప్రాంతమున స్కాట్లండు దేశమునుండి వచ్చిన మెక్రే అను మిషనరీ దంపతులు ఇచ్చటి స్త్రీలకు ఈ పనిని నేర్పిరని పరంపరగా చెప్పుదురు. ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది 1852లో. అనగా ఆనకట్ట నీరు మన పొలములకు రాకమునుపే, 1833 నాటి కరవు ఇంకను జనుల నోళ్లలో నుండగనే, ఈ సూది మన యిండ్లలోనికి వచ్చినదన్నమాట. నేర్చినవారు మొదట క్రైస్తవ స్త్రీలు. పిమ్మట గడప దాటి కూలికి పోవుట మర్యాద కాదనుకొన్న కుటుంబముల స్త్రీలును దానిని చేపట్టిరి. గడప దాటకుండ డబ్బు వచ్చు పని అది యొక్కటే.

ఇన్ని పనులుండగా ఇదియే ఏల ఇంటిలో ఇమిడినదని నేను చాలకాలము ఆలోచించితిని. దానికి సమాధానము సూదిలోనే యున్నది. చలిదేశములలో ఉన్ని చొక్కాలు అల్లువారికి రెండు పొడుగు సూదులు కావలెను. ఆ అల్లికలో వరుసయందలి ఉచ్చులన్నియు ఒకేసారి సూదిమీద ప్రాణముతో నుండును. నడుమ సూది జారెనా, ఉచ్చు వెంట ఉచ్చుగా క్రిందిదాక నిచ్చెనమెట్లవలె విడిపోవును. మన లేసునకు కొనయందు చిన్న కొక్కెముగల సూది ఒక్కటి చాలును. ఎంత పెద్ద బల్లగుడ్డ అల్లుచున్నను, ఏ క్షణమునందైనను ప్రాణముతో నుండు ఉచ్చు ఒక్కటే. పొయ్యిమీద ఎసరు పొంగినచో ఆ ఒక్క ఉచ్చును కొంచెము పొడుగుగా లాగి విడిచి లేచిపోవచ్చును. గంజి వార్చి, పాలవానికి గిన్నె పట్టి, ఏడ్చుచున్న పిల్లవానిని జోకొట్టి వచ్చి మరల అందుకొనవచ్చును. నూలుండ దొర్లిపోకుండ సత్తుగిన్నెలో పెట్టుకొందురు. చేతి పసుపు అంటరాదు, దీపపు మసి అంటరాదు. ప్రతిమారును చేతులు కడిగి, తుడిచి, ఆరినపిదప గాని దారము ముట్టరు. మా అమ్మగారు దినమునకు ఎన్నిమార్లు చేతులు కడిగెడివారో నేనొకనాడు లెక్కించుటకు పూనుకొని, మధ్యాహ్నమునకే మానుకొంటిని.

ఇక ఇందులోని గణితము. ఈ చేతిలోని గుండ్రని ముక్కను చూడుడు. నడుమ చిన్న ఉంగరము, దానిచుట్టు 12 పొడుగు కుట్లు. ఈ పొడుగు కుట్టును మా యింట కంబమందురు. రెండవ వరుసలో 24, మూడవ వరుసలో 36. ఇట్లు వరుసకు పండ్రెండేసి పెరుగవలెను. ఏలయనగా ప్రతి వరుసకును వ్యాసార్ధము కంబము పొడవున సమముగా పెరుగును. వ్యాసార్ధము సమముగా పెరిగినచో పరిధియు సమముగనే పెరుగవలెను గదా. పెరుగుదల తక్కువైనచో ముక్క గిన్నెవలె లోపలికి ముడుచుకొనును. ఎక్కువైనచో నూనెలో వేగిన అప్పడమువలె అంచులు ఎగురును. పండ్రెండు వరుసలకు మొత్తము ఎన్ని కుట్లు? ఆది 12, ఉత్తరము 12, గచ్ఛము 12, ఫలము 936. మహావీరాచార్యుని గణితమును తెనుగు చేసిన పావులూరి మల్లనను నేను ముప్పదియేండ్ల వయసున కష్టపడి చదివి, శ్రేఢుల లెక్క నేర్చితినని గర్వించితిని. మా అమ్మగారికి ఆది యనిన తెలియదు, గచ్ఛమనిన తెలియదు. ముక్కను బల్లమీద పరచి అరచేతితో నిమిరి, "ఇక్కడ రెండు తగ్గినవి" అనెడివారు. లెక్కించి చూచితిని. రెండే తగ్గినవి.

గడియారము ముందుంచుకొని చూడగా, ఆమెకు ఒక్కొక్క కంబమునకు ఐదు సెకనులు పట్టెను. అనగా ఒక ముక్కకు, ఎడతెగకుండ కూర్చున్నచో, 78 నిమిషములు. ఎడతెగకుండ కూర్చున్నది ఎన్నడు?

మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరని పెద్దలెరుగుదురు. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము గ్రామోద్యోగములను రద్దు చేసెను. ఆ రద్దు మంచిదా చెడ్డదా అను చర్చ నాకు వలదు. అప్పుడు నాకు 13 ఏండ్లు. మా యింటి గోడమీది మేకునుండి తాళపుగుత్తి దిగిపోవుట మాత్రము నాకు జ్ఞాపకము. తండ్రిగారు ఉద్యోగము పోయిన తరువాతను ప్రతిరాత్రియు ఇంటి చిట్టా వ్రాయుట మానలేదు. ఆయన లెక్క ఆయన దస్తూరివలెనే నిలువుగా, శుభ్రముగా నుండెడిది. జమలో కౌలుధాన్యము, కొబ్బరికాయల డబ్బు. ఖర్చులో పాలు, కిరసనాయిలు, మందులు, నా బడి రుసుము.

ఆయన గతించిన పిమ్మట, 2012లో, భూమి కాగితములకొరకు పెట్టె తెరచినప్పుడు ఆ చిట్టాలు నా చేతికి వచ్చినవి. వృత్తిదోషము చేత కూడికలు చూడసాగితిని. 1984 మొదలు ఆరేడేండ్లపాటు ప్రతి సంవత్సరమును ఖర్చు జమను మించినది. అప్పు చేసియుండవలెను, అప్పుల పుటలో అప్పు లేదు. వస్తువేదైన అమ్మియుండవలెను, అమ్మకము వ్రాసియుండలేదు. నగదు నిలువ మాత్రము ఏనాడును సున్నకు దిగలేదు. సంఘమున ఇట్టి పుస్తకము నాయెదుటికి వచ్చినచో గుమాస్తాను నిలదీసెడివాడను. తండ్రిగారిని నిలదీయుట ఎట్లు? అమ్మను అడిగితిని.

ఆమె మాటలాడక లోనికి పోయి, నా పాత నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను చించి కుట్టుకొన్న ఒక పుస్తకము తెచ్చి యిచ్చిరి. కుట్టిన దారము లేసుదారమే. ఎడమవైపు ఏజెంటు తెచ్చిన నూలు తూకము. నడుమ తిరిగి యిచ్చిన ముక్కల సంఖ్య. కుడివైపు చేతికందిన డబ్బు. దాని క్రింద అది పోయిన దారి. 'బడికి.' 'కిరసనాయిలునకు.' 'వారి కండ్లద్దములకు.' ఒకచోట, 'అబ్బాయికి శబ్దరత్నాకరము.' ఆ నిఘంటువు ఇప్పటికిని నా మేజామీద నున్నది. దానిని తండ్రిగారు కొనిపెట్టిరనియే నేను ఇన్నాళ్లు అనుకొంటిని. ఆయన చిట్టాలో వెదకితిని, లేదు. రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన పెట్టుకొని రెండు రాత్రులు కూడితిని. తండ్రిగారి లెక్కలోని తేడా అమ్మ లెక్కలో దాదాపు పూర్తిగా పూడినది. ఆయనకు తెలియదని నేననుకొనను. తెలిసియు ఇల్లాలి సూదిడబ్బును జమలో వ్రాయుటకు ఆ కలము కదలలేదు. కరణము కదా.

ఆ పుస్తకమున నాకు సంబంధించిన పద్దు మరియొకటి కలదు. నేను తొమ్మిదవ తరగతిలో నుండగా, ముక్కలు అప్పగించుటకు ముందురోజు రాత్రి, దీపము చుట్టు అందరము కూర్చుండియుంటిమి. నా మోచేయి తగిలి సిరాబుడ్డి దొర్లినది. ఆరు ముక్కలు దొంతిగా నుండెను. సిరా ఆరింటిలోనికిని దిగినది. నడిమికి పోక ఐదవ వరుసమీద పడుట అదృష్టము. అమ్మ నన్ను ఏమియు ననలేదు. దీపము ప్రక్కకు జరిపి, చివరి ఉచ్చు పట్టి లాగుట మొదలుపెట్టిరి. రెండు సూదుల అల్లికకును దీనికిని భేదము చెప్పితిని గదా. కొస దొరికినచో ఎంత లేసైనను ఒక్కలాగున విడిపోవును. పండ్రెండవ వరుసనుండి ఐదవ వరుసదాక విప్పినచో ముక్కకు మిగులునవి 120 కుట్లు, పోవునవి 816. ఆరు ముక్కలకు 4,896. ఐదేసి సెకనుల చొప్పున ఆరుగంటల నలుబది యెనిమిది నిమిషములు. ఈ లెక్క నేను ఇప్పుడు వేసినది. ఆ రాత్రి నేను నిద్రపోతిని. తెల్లవారి చూడగా అమ్మ ఆ గోడకే చేరగిలి అల్లుచుండిరి. విప్పిన దారము ముడతలు తేలునని తడిపి, కుర్చీవీపునకు చుట్టి ఆరబెట్టి, సిరా అంటినమేర కత్తిరించి అతికిరి. అయినను మరునాడు ఏజెంటు ఆ అతుకులు పట్టుకొని కూలి తగ్గించెను. అతని పేరు అనవసరము. పుస్తకమున ఆనాటి పద్దు: 'సిరా. తగ్గింపు.' అబ్బాయి యను మాట లేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమున సూత్రాధ్యక్షుడను ఉద్యోగిని గూర్చిన అధ్యాయము కలదు. అతని పని నూలు వడికించుట, నేయించుట. ఇల్లు వెడలని స్త్రీలకు, భర్త దూరదేశమున నున్నవారికి, విధవలకు, అవయవలోపము గలవారికి తన దాసీల ద్వారా మర్యాదగా పని పంపవలెనట. నూలు సన్నమో, మోటో, మధ్యమమో తెలిసికొని కూలి కట్టవలెను. తామై నూలుశాలకు వచ్చు స్త్రీలతో తెల్లవారుజామున వస్తువును కూలిని మార్చుకొనవలెను. దీపము నూలు పరీక్షకు చాలినంతయే యుండవలెను. స్త్రీ ముఖమును చూచినను, అన్యప్రసంగము చేసినను మొదటి తరగతి దండనము. కూలి యిచ్చుటలో ఆలస్యము చేసినచో మధ్యమ దండనము. ఇచ్చట నేను చదువుట ఆపి నిఘంటువు మరల చూచితిని. పొరపాటు లేదు. ముఖము చూచినదానికంటె కూలి ఆలస్యమునకే దండన పెద్దది! అమ్మ పుస్తకమున మూడేసి నెలల బాకీలు వరుసగా నున్నవి. ఆ ఏజెంటును కౌటిల్యుని యెదుట నిలువబెట్టవలెనని ఆ రాత్రి నాకు బలమైన కోరిక కలిగినది. కాని అదే అధ్యాయమున, కూలి పుచ్చుకొని పని చేయని స్త్రీకి బొటనవ్రేలు చూపుడువ్రేలు పట్టును ఖండింపవలెనని యున్నది. అది చదివి కోరిక మానుకొంటిని. సరిగా ఆ రెండు వ్రేళ్లతోనే లేసుసూది పట్టుదురు.

మనుచరిత్రమున ప్రవరుని యిల్లాలు అర్ధరాత్రివేళ అతిథులు వచ్చినను వండిపెట్టుటను పెద్దన ప్రశంసించెను. ఆ ఘట్టమును నేను పలుమార్లు చదివి ఆనందించితిని. పొయ్యిలో కట్టెలు, కుండలో బియ్యము ఎవరు సమకూర్చిరని ఒక్కమారును అడుగలేదు. ఇప్పుడడిగినచో రసభంగమని మన పండితులు కోపింతురు, గాన విడిచిపెట్టుచున్నాను.

నా తప్పు ఒకటి ఇచ్చట ఒప్పుకొనవలసియున్నది. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వ్రాయువారు మా యింటికి వచ్చిరి. నేను అరుగుమీద కూర్చుండి అందరి సమాధానములు నేనే చెప్పితిని. మీ తల్లిగారు ఏమి పని చేయుదురని అడిగిరి. "పనియేమియు లేదు, ఇంటిపట్టుననే యుందురు" అంటిని. నా భార్యకును అదే చెప్పితిని. అడిగినవారు మంచివారు, కుట్టుగాని, అల్లికగాని, పాడిగాని ఏమైన ఉన్నదాయని మరల అడిగిరి. "అది కాలక్షేపము" అంటిని. తలుపు ప్రక్కన అమ్మ చేతిలో సూది ఉన్నది. వినబడకపోదు. అప్పటికి నేను ఆ రెండు పుస్తకములు చూడలేదు, నిజమే. కాని సూదిని నలుబదియేండ్లుగా చూచుచునే యుంటిని. ఇరువదియేండ్లుగా పరుల లెక్కలు దిద్దుచున్న నేను నా యింటి లెక్కను ప్రభుత్వమునకు తప్పుగా వ్రాయించితిని.

ఈ పొరపాటు నా యొక్కనిదే కాదని తరువాత తెలిసినది. మరియా మీస్ అను జర్మను విదుషి 1970 ప్రాంతపు చివరి యేండ్లలో మన పల్లెలకు వచ్చి, లేసు అల్లు స్త్రీలతో మాటలాడి, 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అను గ్రంథము వ్రాసినది. 1982లో లండనున అచ్చయినది. నా ఆంగ్లము కొద్దిపాటిది గనుక దానితో చాల దినములు పెనగులాడితిని. ఆమె చెప్పునదేమనగా, ఈ స్త్రీలు లోకపు బజారునకు సరకు తయారుచేయుచున్నను వారిని ఇల్లాండ్రనియే పిలిచి, పనిని తీరికవేళ వినోదమని పేర్కొనుటచేతనే కూలి అంత తక్కువగా నిలుచుచున్నది. పొలములో కూలికి పోవు స్త్రీకి వచ్చునంతయు వీరికి రాదు. ముక్కలు అల్లువారు వేరు, అతుకువారు వేరు. ఒకరి కూలి ఒకరికి తెలియదు. సరకు ఎచ్చటికి పోవునో, ఎంతకు అమ్ముడుపోవునో వీరిలో ఎవ్వరికిని తెలియదు. ఈ మాటలు చదువుచు నేను మా తలుపు ప్రక్కకు చూచితిని.

2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మంచిదే. ఇక యంత్రములమీద నేసిన జాలీని మన పేరుతో అమ్ముటకు వీలులేదు. చేతిసూది అల్లికను ఉన్నదున్నట్లు చేయు యంత్రము ఇంతవరకు లేదనియు చెప్పుదురు. అయితే ఆ గుర్తింపు పేరును కాపాడునుగాని కూలిని నిర్ణయింపదు. ఈ భేదమును నాయకులు తమ ఉపన్యాసములలో కొంచెము స్పష్టముగా చెప్పుట మేలు.

ఇప్పుడు గ్రంథాలయమునకు వత్తును. ఈ యుత్సవము సందర్భమున ఇరువదియైదేండ్ల పుస్తకముల జారీ రిజిస్టరును సరిచూచు పని నాకు అప్పగించిరి. నా పేర పోయిన పుస్తకములలో నేను చదువనివి సగమునకు పైగా నున్నవి. నవలలు, కథలు, వ్రతకథలు, వంటల పుస్తకము. ఒక నవల ఐదుమార్లు నా పేర పోయినది. దాని మొదటి పుట నేను చూడలేదు. విచారింపగా తెలిసిన సంగతి యిది. మధ్యాహ్నము రెండు గంటల వేళ మా పెరటి అరుగుమీద ఐదారుగురు స్త్రీలు లేసు తీసికొని చేరెడివారు. నా భార్యయో మరియొకరో బిగ్గరగా చదివెడివారు. తక్కినవారు అల్లుచు వినెడివారు. చదువువారి వంతు ముక్కను తక్కినవారు పంచుకొని పూర్తిచేసి యిచ్చెడివారు. టెలివిజను వచ్చిన పిదప ఆ కూటము పలుచబడినదిగాని ఇప్పటికిని శ్రావణమాసమున సాగుచునే యున్నదట. ఇట్లే మరి పదునాలుగిండ్ల పురుషుల పేర్ల క్రింద చదువరులు వేరుగా నున్నారని నా అనుమానము. వారెవరో ఆ చాపలమీద చూచుచున్నాను.

అందుచేత కార్యవర్గమువారికి ఒక మనవి. వచ్చే నెల మొదలు జారీ రిజిస్టరులో చందాదారు పేరు ప్రక్కన 'చదువువారు' అని మరియొక గడి గీయుడు. గీత నేను గీచి యిత్తును. చందా ఎవరిదైనను పుస్తకము కోరినవారి పేరు ఆ గడిలో నుండవలెను. నమూనా ముక్కలు కొన్ని సోదరీమణులు ఇచ్చెదమనిరి. వానిని అద్దపు బీరువాలో పెట్టి క్రింద అల్లినవారి పేర్లు వ్రాయుడు. మాధవాయపాలెపు గుడ్డకు జరిగినట్లు జరుగరాదు.

అమ్మ పుస్తకమును గూడ గ్రంథాలయమునకు ఇచ్చి, దానికొక క్రమసంఖ్య వేయించవలెనని నా కోరిక. నిన్న రాత్రి ఆమెను అడిగితిని. మొదట, "అందులో ఏమున్నదిరా, చిల్లర లెక్కలు" అనిరి. తరువాత ఒప్పుకొనిరి. అయితే ఇప్పుడే కాదట. చివర ఇంకను నాలుగు కాగితములు తెల్లగా నున్నవి. పోయిన నెల యిచ్చిన తొమ్మిది ముక్కల డబ్బు రావలసియున్నది. అది వచ్చి, పద్దు వ్రాసి, గీత కొట్టిన తరువాత తీసికొనిపొమ్మనిరి.